కొత్త మెట్లు వేస్తే సరా... గిటారు పలకొద్దూ!

ఫ్రెట్లు మార్చాకే అసలు పని మొదలు... తొందరపడితే చేతికి నొప్పి, చెవికి బాధ

బూదికోట (కోలారు జిల్లా): తీగ మీద ధ్వని ఈ ఊరికి కొత్తేం కాదు. హైదర్ అలీ పుట్టిన ఊరుగా చరిత్ర పుస్తకాల్లో కనిపించే బూదికోట 2000ల తొలినాళ్లలో మరో సంగతితో వార్తలకెక్కింది. యునెస్కో తోడ్పాటుతో వాయిసెస్, మైరాడ సంస్థలు ఇక్కడ ‘నమ్మ ధ్వని’ పేరిట పల్లె రేడియో పెట్టాయి. అప్పట్లో స్వచ్ఛంద సంస్థలకు గాలిలో ప్రసారం చేసే అనుమతి లేదు. అయితేనేం... కేబుల్ తీగ లాగి ఇళ్లలోకి మాట, పాట చేరవేశారు. ఊరివాళ్లే మాట్లాడారు. ఊరివాళ్లే విన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది మరో తీగ కథ. ఎలక్ట్రిక్ గిటారు తీగ కథ.

పక్కనే ఉన్న కేజీఎఫ్ పేరెత్తితే ఇప్పటి కుర్రకారుకు 2018లో వచ్చిన సినిమా గుర్తుకొస్తుంది. పెద్దవాళ్లకు గుర్తొచ్చేది వేరు. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు చూసిన ఊరది. తెల్లదొరలు, ఆంగ్లో ఇండియన్లు ఉన్న కాలంలో క్లబ్బు డాన్సులు, చర్చి పాటలు అక్కడి బతుకులో భాగం. గిటారు అక్కడ వింత వస్తువు కాదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి. పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరే బతుకు చాలామందికి అలవాటైంది. గిటారుకు జబ్బు చేసినా అదే దారి. మారికుప్పంలోనో బంగారుపేటలోనో రైలెక్కాలి. ఒక రోజు కూలి పోతుంది. దుకాణంలో వదిలి వస్తే, తెచ్చుకోవడానికి ఇంకో రోజు.

అందుకే ఈ మాట చెప్పుకోవాల్సి వస్తోంది. అంత దూరం పోయి, ఫ్రెట్లు మార్పించుకుని, సంబరంగా ఇంటికొచ్చి తీగ మీటితే... గరగర. ‘అన్నా, కొత్త ఫ్రెట్లే ఏపిచ్చినా, ముందుకన్నా అన్యాయంగా ఉండాది’ అని వాపోయేవాళ్లు ఎక్కడైనా కనిపిస్తారు. ఫ్రెట్లు బాగానే ఉంటాయి. తర్వాత చేయాల్సిన పనే సగంలో ఆగి ఉంటుంది.

వీణ మెట్టు జరుగుతుంది... గిటారు మెట్టు జరగదు

ఫ్రెట్టు అంటే భయపడాల్సిన పనిలేదు. మన వీణ మీద ఉండేదీ అదే. దాన్ని మనవాళ్లు మెట్టు అన్నారు. వీణకు 24 మెట్లు. తంజావూరు నేలిన తెలుగు నాయకరాజు రఘునాథుడి కాలంలో, 17వ శతాబ్దిలో, ఈ 24 మెట్ల అమరిక స్థిరపడిందని చెబుతారు. మైనంలో నల్లపొడి కలిపి, ఆ ముద్ద మీద లోహపు మెట్లను ఒక్కొక్కటిగా నిలబెడతారు. తీగ మీటుతూ, చెవితో వింటూ, మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. దీన్నే ‘మేళం కట్టడం’ అంటారు. ఎండకు మైనం మెత్తబడుతుంది, మెట్టు కదులుతుంది, స్వరం చెడుతుంది. మళ్లీ మేళం కట్టాలి. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి పనివారిని అడిగినా, మైసూరు, తంజావూరు వీణల పనివారిని అడిగినా, చెక్కడం ఒక ఎత్తు, మేళం ఒక ఎత్తు అనే చెబుతారు.

గిటారులో సంగతి తిరగబడుతుంది. మెడ చెక్కలో రంపంతో సన్నని గాడి కోసి, అందులోకి మెట్టును సుత్తితో దిగ్గొడతారు, లేదా ప్రెస్‌తో అదుముతారు. ఎక్కడ గాడి ఉంటే అక్కడే మెట్టు. ఆ కొలత ఫ్యాక్టరీలోనే తేలిపోయింది. తలదగ్గరి నట్ నుంచి బ్రిడ్జి వరకూ ఉన్న తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు చోటు వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఇలా పోతూ పోతూ 12వ మెట్టు సరిగ్గా సగం దూరంలో పడుతుంది. అంటే మెట్టు జరగదు. మరి మెట్టు జరగనప్పుడు ఏం జరగాలి? మిగతావన్నీ జరగాలి. మెడ వంపు, నట్ గాడి, బ్రిడ్జి ఎత్తు, తీగ పొడవు, చివరకు కింద ఉన్న అయస్కాంతం కూడా. ఫ్రెట్లు మార్చాక చేసే ‘సెటప్’ అంటే ఇదే. గిటారుకు మేళం కట్టడమన్నమాట!

పేరులో వెండి... లోపల లేదు

అసలు మెట్లెందుకు మార్చాలి? ఎక్కువ గిటార్ల మెట్లు మన వంటింటి జర్మన్ సిల్వర్ రకం లోహంతో చేసినవే. రాగి, జింకు, నికెల్ మిశ్రమం. వెండి రవ్వంత ఉండదు. పైన తీగలేమో ఉక్కువి. ఏళ్ల తరబడి ఉక్కు రాపిడికి మెట్టు మీద గుంటలు పడతాయి. అందరూ ఎక్కువగా పట్టే మొదటి నాలుగైదు మెట్లు ముందు అరుగుతాయి. ఒకటి రెండుసార్లు పైపైన ఆకురాయితో సమం చేసి నెట్టుకురావచ్చు. మెట్టు ఎత్తు మరీ తగ్గాక మార్చక తప్పదు. ఈమధ్య స్టెయిన్‌లెస్ స్టీలు మెట్లూ వేస్తున్నారు. అవి చాలాకాలం అరగవు. పనివాడి ఆకురాళ్లు మాత్రం తొందరగా అరుగుతాయి.

కొత్త మెట్లు దిగాయి. ఇక మొదటి పని వాటి నెత్తులన్నీ ఒకే గీత మీద ఉన్నాయా లేదా చూడటం. ఎంత పనితనమున్నా 22 మెట్లూ ఒకే ఎత్తులో దిగవు. మెడను నిటారుగా నిలిపి, మెట్ల మీద స్కెచ్ పెన్ను సిరా పూస్తారు. గరుకు కాగితం అంటించిన తిన్నని పట్టీని నిలువుగా నడిపిస్తారు. ఎత్తుగా ఉన్న మెట్టు మీద సిరా ముందు పోతుంది, పల్లంగా ఉన్నదాని మీద మిగులుతుంది. అన్నిటి మీదా పోయిందాకా నడపాలి. అక్కడితో ఆగితే మాత్రం అనర్థమే. అలా చేసిన మెట్టు నెత్తి బల్లపరుపుగా మారుతుంది. తీగ దాని నడిమధ్యన కాక అంచున ఆనుతుంది, స్వరం పక్కకు పోతుంది. అందుకే ప్రత్యేకమైన ఆకురాయితో నెత్తిని మళ్లీ గుండ్రం చేయాలి. తర్వాత నున్నగా మెరుగు. పక్క అంచుల్ని ఒరిపిడి పెట్టి, చెయ్యి గీరుకోకుండా చూడాలి. తాను చూపించుకోవడానికి చాలామంది మెరుగు దగ్గర ఎక్కువసేపు గడుపుతారు. నిజానికి టైమంతా పోవాల్సింది గుండ్రం చేసేచోట.

మెడ మీద యూరియా బస్తా!

ఇక్కడి నుంచే అసలు కిటుకు. మామూలు తీగల సెట్టు బిగించి శ్రుతి చేస్తే గిటారు మెడ మీద పడే లాగుడు మొత్తం సుమారు 45 కిలోలు. అంటే ఒక యూరియా బస్తా బరువు! వేలెడు మందం చెక్క దాన్ని రాత్రింబవళ్లు మోయాలి. విల్లులా ముందుకు వంగిపోకుండా మెడ లోపల ఉక్కు కడ్డీ ఒకటి పెడతారు. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. 1920ల మొదట్లో అమెరికాలోని గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఉపాయమిది. తల దగ్గరో, మెడ మొదట్లోనో ఉన్న చిన్న నట్టును కీతో తిప్పితే కడ్డీ బిగుస్తుంది, మెడ వెనక్కు లాగబడుతుంది.

ఫ్రెట్లు మార్చినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. ఎందుకంటే ఒక్కో మెట్టు కింది అంచు గాడిలో ఒక చిన్న మేకు చీలలాంటిది. అలాంటివి ఇరవై పైచిలుకు ఒకే వైపు నుంచి దిగితే చెక్క ఆ వైపున ఉబ్బి, మెడ వెనక్కు వంగుతుంది. నిన్నటి దాకా సరిపోయిన కడ్డీ బిగువు ఇవాళ ఎక్కువైపోతుంది. మొదటి నాలుగైదు మెట్ల దగ్గర తీగ గరగరమంటే నూటికి తొంభైపాళ్లు ఇదే కారణం. చాలామంది ఏం చేస్తారంటే బ్రిడ్జి పైకెత్తేస్తారు. గరగర ఆగుతుంది. తీగ మాత్రం ఆకాశంలో ఉంటుంది. పిల్లల వేళ్లు బొబ్బలెక్కి, ‘మనకిది వచ్చేది కాదులే’ అని గిటారును మూలన పెట్టేస్తారు. మరి మూలన పడింది గిటారా, వాడి ఆశా?

చూసే పద్ధతి తేలికే. వాయించబోయే సైజు తీగలే కట్టి, పూర్తి శ్రుతికి తేవాలి. మొదటి మెట్టు దగ్గర కేపో బిగించి, మెడ ఒంటిని కలిసేచోట ఉన్న మెట్టు మీద ఆరో తీగను వేలితో అదమాలి. ఇప్పుడు ఆ తీగే తిన్నని స్కేలు. 7వ, 8వ మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ నడుమ సందు ఎంతుందో చూడాలి. పావు మిల్లీమీటరు... 0.25 మి.మీ. ఉంటే మేలు. అది కొలవడానికి బెంగళూరే పోనక్కర్లేదు. బంగారుపేటలో బైకు మెకానిక్ దగ్గర ట్యాపెట్ సందు చూసే ఫీలర్ గేజ్ ఉంటుంది. అదే పనికొస్తుంది. సందు అసలు లేకుంటే కడ్డీ వదులు చేయాలి, ఎక్కువైతే బిగించాలి. ఎక్కువ గిటార్లలో గడియారం తిరిగే వైపు తిప్పితే బిగువు. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పాక మళ్లీ శ్రుతి, మళ్లీ కొలత. బిగిసిపోయి తిరగనంటే అక్కడే ఆపాలి. బలం చూపిస్తే కడ్డీ తెగుతుంది, తెగితే మెడ పోయినట్లే.

చెక్క వెంటనే మాట వినదు. రాత్రికి అలా వదిలేసి, పొద్దున చూస్తే కొంచెం మారి ఉంటుంది. ఫ్రెట్ల పని ఒక్క పూటలో చేసిస్తామంటే కాస్త అనుమానించాల్సిందే.

చిన్న ఎముక ముక్క... పెద్ద తగాదా

తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ ఉందే, దాన్ని నట్ అంటారు. బోల్టుకు పెట్టే నట్టు కాదిది. వీణలో మేరువు లాంటిది. ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. ఫ్రెట్లు మార్చినప్పుడు అందరూ మరిచిపోయేది దీన్నే.

అరిగిన మెట్లకు తగ్గట్టుగా ఈ నట్ గాళ్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ లోతు పడి ఉంటాయి. ఇప్పుడేమో మెట్లు కొత్తవి, ఎత్తు ఎక్కువ. నట్ పాతదే. ఫలితం... వేలు పెట్టకుండా ఉత్త తీగ మీటితే అది మొదటి మెట్టుకు కొట్టుకుని జర్రుమంటుంది. వేలు ఎక్కడ పెట్టినా శబ్దం శుభ్రం. ఈ లక్షణం కనిపిస్తే చూడాల్సింది నట్‌నే, పోయి బ్రిడ్జిని తిప్పి లాభం లేదు. మూడో మెట్టు దగ్గర తీగను అదిమి, మొదటి మెట్టు పైన సందు చూడాలి. సన్నని కాగితమంత వెలుతురు కనిపించాలి. తీగ మెట్టుకు అంటుకుపోతే నట్ కింద పలుచని పట్టీ వేసి ఎత్తాలి, లేదా కొత్తది చేయాలి. వెలుతురు మరీ ఎక్కువైతే ఆ తీగ మందానికి సరిపడే ఆకురాయితో గాడి లోతు చేయాలి. ఒక్కో తీగకు ఒక్కో ఆకురాయి. రెండు రాపిళ్లు ఎక్కువైతే మళ్లీ మొదటికే!

కొత్తగా నేర్చుకునే పిల్లలకు ‘ఎఫ్’ కార్డు పట్టడం ప్రాణసంకటం. వేళ్లలో బలం లేదని అయ్యవార్లు తిడుతుంటారు. సగం సందర్భాల్లో తప్పు వేళ్లది కాదు, ఎత్తయిన నట్‌ది. ఆ సంగతి అయ్యవారు ఒకసారి తన చేత్తో పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఎత్తు, పొడవు... ఆ వరసలోనే

మెడ, నట్ కుదిరాకే బ్రిడ్జి. ఈ వరస తప్పితే చేసిన పని మళ్లీ చేయాలి. వీణలో బ్రిడ్జిని గుర్రం అంటారు. గిటారులో ఒక్కో తీగకు ఒక్కో బుల్లి గుర్రం. చిన్న కీతో పైకీ కిందికీ దించవచ్చు. గిబ్సన్ రకం గిటారులో 12వ మెట్టు దగ్గర లావు తీగ కింద 2 మి.మీ., సన్న తీగ కింద 1.2 మి.మీ. సందు ఫ్యాక్టరీ కొలతకు దగ్గర. ఫెండర్ రకంలో 17వ మెట్టు దగ్గర చూస్తారు, 1.6 మి.మీ. వరకు ఉంటుంది. ఇవి వేదవాక్కులేం కావు. గట్టిగా బాదేవాడికి కాస్త ఎత్తు కావాలి, మెత్తగా మీటేవాడికి ఇంకా తగ్గించినా సాగుతుంది. మధ్య తీగల ఎత్తు మెడ గుండ్రదనాన్ని అనుసరించి పోవాలి.

తర్వాత తీగ పొడవు. లెక్క ప్రకారం 12వ మెట్టు సగంలో ఉందన్నాం కదా. తీగను అదిమితే అది రవ్వంత సాగుతుంది, స్వరం రవ్వంత పైకి పోతుంది. దానికి సర్దుబాటుగా బుల్లి గుర్రాన్ని వెనక్కి జరపాలి. 12వ మెట్టు పైన తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే గంటలాంటి స్వరం ఒకటి. అక్కడే అదిమి మీటితే వచ్చేది ఇంకోటి. రెండూ ఒక్కటవ్వాలి. అదిమినప్పుడు స్వరం హెచ్చుగా వస్తే గుర్రం వెనక్కి, తగ్గుగా వస్తే ముందుకు. చెవి మీద నమ్మకం లేకపోతే ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే శ్రుతి చూపే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ పని పాత తీగలతో చేస్తే వృథా. అరిగిన తీగ అబద్ధం చెబుతుంది. కొత్త మెట్లు ఎత్తుగా ఉంటే ఇంకో చిక్కు. పాత అలవాటు కొద్దీ కర్రకు తగిలేదాకా అదిమితే స్వరం పైకి పోతుంది. అక్కడ మార్చుకోవాల్సింది గుర్రాన్ని కాదు, చేతిని.

ఎలక్ట్రిక్ గిటారు కాబట్టి చివరగా పికప్. తీగ కింద ఉండే అయస్కాంతం. తీగ ఎత్తు మారింది గనుక దీని దూరమూ మారింది. చివరి మెట్టు మీద అదిమి చూస్తే 2 మి.మీ. అటూ ఇటూగా ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి, ఒకే మీటుకు రెండు స్వరాలు పలికినట్లు వణుకుతుంది. మళ్లీ ఫ్రెట్ల మీదే నింద!

గరగర ఎక్కడ?

పనివాడి దగ్గర ‘ఎక్కడో కొడ్తా ఉండాది’ అంటే చాలదు. ఎక్కడ కొడుతోందో చెబితే సగం వైద్యం అయినట్లే. ఉత్త తీగ ఒక్కటే జర్రుమంటే నట్. మొదటి అయిదు మెట్లలోపు అయితే మెడ వెనక్కి వంగింది. 12 దాటాక అయితే బ్రిడ్జి మరీ కిందికుంది, లేదా మెడ మొదట్లో చెక్క ఉబ్బింది. ఒకే ఒక్క చోట అయితే ఆ పక్క మెట్టు, అంటే బ్రిడ్జి వైపున ఉన్నది, తన వరస కంటే ఎత్తుగా ఉంది. మూడు మెట్ల మీద ఒకేసారి ఆనే చిన్న తిన్నని ఇనుప ముక్క పెట్టి ఊపితే ఎత్తుగా ఉన్నది టకటకమని పట్టుబడుతుంది.

తీగను పక్కకు లాగి వాయించేవాళ్లకు ఇంకో పరీక్ష. గమకం కోసం తీగను లాగినప్పుడు శబ్దం మధ్యలో చచ్చిపోతే, పై మెట్లలో ఏదో అడ్డుపడుతున్నట్లు. మామూలుగా వాయిస్తే ఇది బయటపడదు. కర్ణాటక సంగీతం గిటారు మీద పలికించాలనుకునే మన పిల్లలు దీన్ని దుకాణంలోనే చూసుకోవాలి.

వాద్యం వాయించేవాడికి తగ్గట్టు మారాలి తప్ప, వాయించేవాడు వాద్యానికి లొంగిపోకూడదని చూపినవాడు మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, జంట తీగల మాండలిన్‌ను వదిలి, ఒంటి తీగలు అయిదు ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టాడు. జంట తీగల మీద కుదరని గమకం అక్కడ కుదిరింది. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయనతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వేదిక పంచుకున్న ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల్లోనే తన గిటారు మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. వీణలోలాగా వేలు కర్రకు తగలకుండా తీగ మీదే ఆడాలని.

అందరికీ అంత మార్పు అక్కర్లేదు. అయితే పని అప్పగించేటప్పుడే నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. ఏ సైజు తీగలు కడతారు, కార్డులు కొడతారా లేక రాగాలు వాయిస్తారా, చెయ్యి గట్టిదా మెత్తనిదా. ‘అన్నా, ఫ్రెట్లకేనా ఈ లెక్క, నట్, సెటప్ కూడా కలిపేనా?’ అని ముందే అడగాలి. కొన్నిచోట్ల వేర్వేరుగా లెక్క కడతారు. పని చేసే ముందు మెడ సందు, 12వ మెట్టు ఎత్తు రెండూ చీటీ మీద రాయించుకుంటే, పని అయ్యాక పోల్చుకోవచ్చు. గిటారు తీసుకునేటప్పుడు అక్కడే కూర్చుని ఆరు తీగలూ, ప్రతి మెట్టూ ఒక్కొక్కటిగా మీటి చూసుకోవాలి. ముందు ఆంప్లిఫయర్ లేకుండా, తర్వాత దానికి తగిలించి. ఉత్తగా విన్నప్పుడు వినిపించే చిన్నపాటి జర్రు ఆంప్లిఫయర్‌లో వినిపించకపోతే దానికి బెంగపడనక్కర్లేదు. దుకాణంవాళ్లు విసుక్కున్నా సరే, పది నిమిషాలు పడుతుంది, అంతే.

మన వైపు ఇంకో సంగతి ఉంది. కోలారు ఎండలకు చెక్క బిగదీసుకుంటుంది, మెట్ల చివరలు పక్కకు పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. వానలు పడ్డాక అదే చెక్క తేమ పీల్చి మెడ మళ్లీ కదులుతుంది. వేసవిలో చేయించిన సెటప్‌ను తొలకరి తర్వాత మరోసారి చూసుకోవాల్సిందే. చాలాసార్లు కడ్డీని అరపావు చుట్టు తిప్పితే సరిపోతుంది. కొత్త ఫ్రెట్లు వేయించాక రెండు మూడు వారాలకు ఒకసారి తెచ్చి చూపించమని చెప్పే పనివాడు దొరికితే వదులుకోవద్దు. ఆ రెండో చూపుకు వేరే డబ్బు అడుగుతాడో లేదో రైలెక్కే ముందే తేల్చుకోవాలి. ఈలోగా తీగలు విప్పేసి గోడకు ఆనించకుండా, శ్రుతి మీదే ఉంచి రోజూ కాసేపు వాయిస్తూ ఉంటే, చూపించే నాటికి ఎక్కడ ఏం తేడా వచ్చిందో చెవికే తెలిసిపోతుంది.